గాలి సుత్తి పట్టిన చేతులు

మా తమ్ముడి కూతురు అనూష మెకానికల్ డిప్లొమా చదివి, పెదవేగి దగ్గర పామాయిల్ తోటల ట్రాక్టర్లూ ట్రాలీలూ బాగుచేసే వర్క్‌షాపులో చేరింది. చేరిన నెలకే ఫోన్ చేసింది. "పెదనాన్నా, మావాళ్లు ఎయిర్ హ్యామర్ కొంటామంటున్నారు. ఏది కొనమంటారు? ఒక్క మాటలో చెప్పండి" అంది.

ఒక్క మాటలో చెప్పలేకపోయాను. తాడేపల్లిగూడెంలో లారీ బాడీలు కట్టే షెడ్డులో ముప్ఫై నాలుగేళ్లు పని చేశాను. మొదట రేకులు సరిచేసే టింకరుగా, తర్వాత మేస్త్రీగా. రెండేళ్ల కిందట మానేశాను. అంత కాలం కళ్లెదుట ఉన్న పనిముట్టు గురించి అడిగితే నా దగ్గర సూటి జవాబు లేదు. నాకు తెలిసిందెంత, తెలిసిందనుకున్నదెంత అని విడదీయబోతే ఇప్పటికీ తికమకే. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఇందులోంచి ఏం తీసుకోవాలో వాళ్లే చూసుకుంటారు.

ఎయిర్ హ్యామర్ అంటే గాలితో కొట్టే సుత్తి. పిస్తోలుకున్నట్టు పిడి, ముందు ఒక బ్యారెల్, దాని చివర ఉలి. కంప్రెసర్ నుంచి హోసులో గాలి వస్తుంది. మీట నొక్కితే బ్యారెల్ లోపల పిస్టన్ ముందుకీ వెనక్కీ పరిగెత్తుతూ ఉలి వెనక భాగాన్ని ఎడతెరిపి లేకుండా కొడుతుంది. తుప్పు పట్టిన రేకు కొయ్యాలన్నా, రేకుల్ని కలిపి బిగించే రివిట్ల తలలు లేపెయ్యాలన్నా, రంధ్రంలో బిగుసుకుపోయిన ఇనప గొట్టం ముక్క, అంటే బుష్షు, ఊడగొట్టాలన్నా చేత్తో పూట పట్టే పని కాసేపట్లో అయిపోతుంది.

మా షెడ్డుకి అది ఎందుకు కావలసి వచ్చిందంటే, చేపల లారీల వల్ల. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల నుంచి ఐసు పోసుకుని చేపలు మోసే లారీలు అవి. ఐసు కరిగిన నీళ్లూ చేపల జిగురూ కారి కారి, రెండు మూడేళ్లకే కింద రేకు అప్పడంలా విరుగుతుంది. పాత రేకంతా కోసి తీసి కొత్తది వెయ్యాలి. సమ్మెటా ఉలీ పట్టుకుని ఇద్దరు మనుషులు వారం రోజులు చేసే చాకిరీ అది.

కొనడానికి వెళ్లిన రోజు

మా షెడ్డు యజమాని ప్రసాదరావుగారు. మంచి మనిషే, కానీ దేనికైనా బలం ఉండాలంటారు. "ఏలూరు వెళ్లి మంచి హ్యామర్ చూసి పట్రా సూర్నారాయణా. బలమైనది తే" అని పంపారు.

ఏలూరు బజారులో మాకు వాడుక ఉన్న హార్డ్‌వేర్ షాపు ఒకటుంది. యజమాని కోటేశ్వరరావుగారు నెమ్మదిగా మాట్లాడతారు, ఒక ప్రశ్నకి జవాబు చెబితే ఇంకోటి అడుగుతారు.

"ఏం పనికండీ?"

"లారీ బాడీ పనికండీ."

"రేకు కొయ్యడానికా, రివిట్లు కొట్టడానికా?"

"రెండింటికీనండీ."

"రెండింటికీ ఒక్కటే అంటే కుదరదేమోనండీ. పొట్టి బ్యారెల్ ఉన్నది గబగబా కొడుతుంది, దెబ్బ చిన్నది. పల్చటి రేకుకి చేతిలో ఉంటుంది. పొడుగు బ్యారెల్ నిదానంగా కొడుతుంది, దెబ్బ పెద్దది. రివిట్లకీ బుష్షులకీ అది బావుంటుంది. మీ కంప్రెసర్ ఎంతదండీ?"

రెండు అమ్ముకోవడానికి చెబుతున్నాడనుకున్నాను. కంప్రెసర్ సంగతి ఎందుకడిగాడో అసలు అర్థం కాలేదు. పొడుగుది చేతిలో బరువుగా, బలంగా కనబడింది. అదే ఇమ్మన్నాను.

మర్నాడు షెడ్డులో అందరం చుట్టూ నిలబడి చూస్తుండగా రేకు మీద పెట్టాను. కోత తిన్నగా రాలేదు. రేకు చిరిగి, అంచు ముడతలు పడింది. సరే, రేకుకి కాదనుకుని రివిట్ మీద పెట్టాను. నాలుగు దెబ్బలు బాగా కొట్టి నీరసించిపోయింది. రివిట్ తల అలాగే ఉంది. రేకు దగ్గరేమో మొరటు, రివిట్ దగ్గరేమో బలహీనం. ఇదెలా సాధ్యం? ప్రసాదరావుగారు నన్నూ హ్యామర్‌నీ మార్చి మార్చి చూసి, "నిన్ను బాగా మోసం చేశాడయ్యా" అని లోపలికి వెళ్లిపోయారు.

మళ్లీ ఏలూరు వెళ్లి కోటేశ్వరరావుగారితో గొడవ పడ్డాను. నలుగురూ ఉన్నారని కూడా చూడలేదు. మర్నాడు ఆయనే బస్సెక్కి మా షెడ్డుకొచ్చారు, చేతిలో చిన్న ప్రెషర్ గేజ్‌తో. దాన్ని హోసు చివర, హ్యామర్‌కి ముందు బిగించి నన్ను మీట నొక్కమన్నారు. నొక్కక ముందు ముల్లు తొంభై దగ్గరుంది. నొక్కిన కాసేపటికి సగానికి పడిపోయింది.

"గాలి ఎక్కడికి పోయిందండీ?" అన్నాను. నిజంగానే అర్థం కాక అడిగాను.

"రావడం లేదండీ. మీ కంప్రెసర్ టైర్లకి గాలి కొట్టేంతది. హోసు చూడండి, వేలు లావైనా లేదు, మధ్యలో మూడు అతుకులు. ఈ హ్యామర్ తాగేంత గాలి ఇందులోంచి ఎలా వస్తుంది చెప్పండి?"

హ్యామర్ కొనేముందు కంప్రెసర్ చూసుకోవాలని ఆ రోజు తెలిసింది. దాని డబ్బా మీద ఎంత గాలి కావాలో రాసి ఉంటుంది. కంప్రెసర్ అంతకంటే ఎక్కువే ఇవ్వాలి, అదీ ఆగకుండా ఇవ్వాలి. హోసు లావుగా, పొట్టిగా, అతుకుల్లేకుండా ఉండాలి. తర్వాత పెద్ద కంప్రెసరూ కొన్నాం, రేకు పనికి పొట్టి బ్యారెల్ హ్యామరూ కొన్నాం. ఆయన మొదట చెప్పినవి అవే. ఆయనకి టీ తెప్పించి ఇచ్చాను గానీ, తప్పయిందని మాత్రం అనలేకపోయాను. ఆ మాట నోటిదాకా వచ్చి ఎందుకు ఆగిపోయిందో తెలియదు.

వాడకం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కొల్లేరు గాలిలో తేమ ఎక్కువ. కంప్రెసర్ ట్యాంకు అడుగున రోజూ నీళ్లు చేరతాయి, పొద్దున్నే మర తిప్పి వదిలెయ్యాలి. లేకపోతే ఆ నీళ్లు హ్యామర్‌లోకి పోయి లోపల తుప్పు పడుతుంది. పని మొదలుపెట్టే ముందు గాలి వచ్చే చోట నాలుగు చుక్కలు నూనె వెయ్యాలి. పనిని బట్టి ఉలి మార్చాలి. రేకు కోసే ఉలితో రివిట్ కొడితే రెండూ పాడవుతాయి. ఉలి వస్తువుకి ఆనకుండా మీట నొక్కకూడదు. ఈ చివరిది ఎందుకు చెబుతున్నానంటే, దాని వెనక ఒక కథ ఉంది.

గుండుగొలను దగ్గర

హైవే మీద గుండుగొలను దగ్గర ఒక చేపల లారీ కింద అడ్డంగా ఉండే ఇనప దూలం, క్రాస్ మెంబర్, విరిగి ఆగిపోయింది. చిన్న కంప్రెసర్ వ్యానులో వేసుకుని నేనూ వీర్రాజూ వెళ్లాం. వీర్రాజు మా షెడ్డులో అందరికంటే పనిమంతుడు. అతనిది భీమడోలు అవతల కొల్లేరు వైపు ఊరు. రోజూ పాసింజర్ రైలెక్కి తాడేపల్లిగూడెం వచ్చేవాడు. రేకు మీద వేళ్లతో తడిమి, కంటికి కనిపించని సొట్టని కూడా చెప్పేవాడు.

హ్యామర్ ముందు ఉలిని పట్టి ఉంచే స్ప్రింగు ఒకటి ఉంటుంది. ఆ రోజు అది విరిగింది. లారీలో చేపలున్నాయి, ఎండ ఎక్కుతోంది, డ్రైవరు తొందరపెడుతున్నాడు. ఇనప తీగ చుట్టి ఉలిని బిగించాను. వీర్రాజు ఎదురుగా డోరు దగ్గర నిలబడి రేకు పట్టుకున్నాడు. నేను చోటు మార్చుకుంటూ మీట వదలడం మరిచిపోయాను. తీగ తెగి ఉలి ఎగిరిపోయింది. అతని చంకకీ పక్కటెముకలకీ మధ్యలోంచి వెళ్లి, వెనకాల డోరు రేకులో దిగబడింది.

నేను వెళ్లి కంప్రెసర్ ఆపేశాను. అప్పుడు వీర్రాజు నెమ్మదిగా, "ఇవాళ్టికి చాలండి మేస్త్రీగారూ" అన్నాడు. అంతకు మించి ఆ రోజు గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు. స్ప్రింగు విరిగితే పని ఆపెయ్యాలి. చేపలు పోతే పోనివ్వాలి. ఇంతకంటే స్పష్టంగా నేను చెప్పగలిగింది ఈ కథలో ఇంకేమీ లేదు.

జారిపోయే బోల్టులు

చెరువులు పెరిగాయి, లారీలు పెరిగాయి. మా షెడ్డు ముందు రోడ్డు దాకా చేపల లారీలు వరసకట్టిన రోజులున్నాయి. కోత పనంతా వీర్రాజుకే ఇచ్చాను. అతను కోస్తే అంచు మళ్లీ సానపట్టక్కర్లేదు మరి. పొద్దున మొదలుపెడితే భోజనానికి దించి, మళ్లీ సాయంత్రం దాకా హ్యామర్ అతని చేతిలోనే ఉండేది. అలా రెండేళ్లు పైనే నడిచింది.

హ్యామర్ పట్టుకోవడం నేర్పింది నేనే. "గట్టిగా పట్టుకో, ఒంటి బరువంతా దాని మీద వెయ్యి, అప్పుడే అది నీ మాట వింటుంది" అనేవాణ్ని. నాకెవరూ నేర్పలేదు, సమ్మెట అలవాటు కొద్దీ నాకు తోచింది చెప్పాను.

కొన్నాళ్లకి వీర్రాజు చేతిలోంచి వస్తువులు జారిపోవడం మొదలైంది. బోల్టు అందుకుంటే కింద పడేది. రివిట్లు తీయబోతే డబ్బా ఒలికేది. తాగుతున్నాడేమో అనుకున్నాను. ఏదో చెబుతున్నట్టు దగ్గరికి వెళ్లి వాసన చూశాను కూడా. ఏమీ లేదు. మరేమైంది? ఇంట్లో గొడవలా? పని మీద విసుగా? ఏదీ తేలలేదు. ఒక రోజు నట్ల డబ్బా మొత్తం బోర్లా పడింది. అందరి ముందూ అనేశాను: "చేతిలో వస్తువు నిలబెట్టుకోలేనివాడివి పనిలోకి ఎందుకొస్తున్నావు?"

అతను వంగి ఒక్కొక్క నట్టూ ఏరాడు. నున్నటి సిమెంటు నేల మీద నట్టు పట్టుకోవడానికి రెండు మూడు సార్లు ప్రయత్నించడం చూశాను. చూసి కూడా నాకేమీ అర్థం కాలేదు.

ఐసు

ఆ చలికాలంలో కొల్లేరు వైపు ఒక చెరువు గట్టు మీద చేపలు ఎక్కిస్తుండగా లారీ నేల రేకు కుంగిపోయింది. తెల్లారి మంచు ఇంకా విడవలేదు, మేం వెళ్లేసరికి. రేకు కోయాలంటే అప్పటికే ఎక్కించిన ఐసు కొంత దించాలి. అందరం తలో చెయ్యీ వేశాం. వీర్రాజు రెండు ముక్కలు దించి, మూడోది వదిలేసి నా దగ్గరికి వచ్చాడు.

"ఇవి చూడండి మేస్త్రీగారూ" అని చేతులు చాపాడు.

కుడి చేతి మూడు వేళ్లు, ఎడమ చేతివి రెండు, మధ్య కణుపు దాకా సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి. కణుపు దగ్గర గీత గీసినట్టు ఆగి, ఆ పైన మామూలు రంగు. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. వేలు నొక్కాను.

"తెలుస్తోందా?"

"మీరు నొక్కుతున్నట్టు కనబడుతోందండీ. తెలియడం లేదు."

చుట్టూ జనం మూగారు. పాము కరిచిందేమో అన్నారొకరు. రక్తం లేదన్నారు ఇంకొకరు. చేపలు ఐసులో సర్దుతున్న ఒక పెద్దావిడ వీర్రాజు చేతుల్ని చూసి, తన చేతులు చూసుకుంది. "మేం రోజల్లా ఐసులోనే ఉంటామండీ. చేతులు మొద్దుబారతాయి గానీ ఇలా సున్నం కొట్టినట్టు అవ్వవు. ఈయనకి ఇంకేదో ఉందండీ" అంది. టీ కొట్లో గోరువెచ్చటి నీళ్లు తెప్పించి అతని చేతులు అందులో పెట్టించింది. తెల్లటి వేళ్లు నీలంగా మారి, తర్వాత ఎర్రబడ్డాయి. రక్తం తిరిగి వస్తుంటే వీర్రాజు పళ్లు బిగబట్టాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"పోయిన చలికాలం నుంచండీ. అప్పుడు ఒక్క వేలే."

ఏం పని చేస్తారు?

మొదట చూపించిన డాక్టరు నరాల బలహీనత అని ఇంజెక్షన్లు రాశారు. రెండో ఆయన మెడ ఎక్స్‌రే తీయించి, మెడలో ఎముక అరిగిందన్నారు. రక్త పరీక్షలో షుగర్ కొద్దిగా ఉందని తేలింది. ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్పారు, అన్నీ నిజమే అనిపించాయి. వీర్రాజు అన్ని మందులూ వేసుకున్నాడు. చలి పొద్దున వేళ్లు తెల్లబడడం ఆగలేదు.

హ్యామర్ వల్లేమో అన్న అనుమానం నాకు రాకపోలేదు. ప్రసాదరావుగారితో అన్నాను కూడా. "నువ్వూ పట్టుకున్నావు కదా, నీ చేతులకేమైంది?" అన్నారాయన. నా చేతులకి ఏమీ కాలేదు.

చివరికి ఏలూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. చిన్న వయసే. కాగితాలన్నీ పక్కన పెట్టి, "మీరు ఏం పని చేస్తారండీ?" అని అడిగింది. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న. మేమూ చెప్పలేదు. విని, మళ్లీ వచ్చేటప్పుడు ఆ పనిముట్టు తీసుకురమ్మంది.

సంచిలో పెట్టి తీసుకెళ్లాం. ఆమె దాన్ని తను ఒకసారి ఎత్తి చూసి వీర్రాజుకి ఇచ్చి, "పనిలో ఎలా పట్టుకుంటారో అలా పట్టుకోండి" అంది. అతను పట్టుకున్నాడు. ఆమె అతని ముంజేతి మీద చెయ్యి వేసి చూసింది.

"ఇంత గట్టిగా పట్టుకోవాలా?"

వీర్రాజు నా వైపు చూశాడు. "అలాగే పట్టుకోవాలని మేస్త్రీగారు నేర్పారండీ."

"రోజుకి ఎంతసేపండీ?" అని ఆమె అతన్నే అడిగింది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకానని చెప్పాడు. అప్పుడు వివరించింది. ఆ అదురు ఏళ్ల తరబడి చేతుల్లోకి వెళితే సన్నటి రక్తనాళాలూ నరాలూ దెబ్బతింటాయట. ఎంత గట్టిగా బిగిస్తే అదురు అంత లోపలికి వెళుతుందట. జారకుండా ఉండేంత పట్టు చాలట.

"అయితే ఇదే కారణమాండీ?" అన్నాను.

"బీడీలు కాలుస్తారు, షుగర్ ఉంది, మెడ కూడా కొంత అరిగింది. దేని వల్ల ఎంత అని విడదీసి చెప్పలేనండీ. బీడీలు మానాలి, చేతులు వెచ్చగా ఉంచుకోవాలి. ఆ మిషను మాత్రం ఇక ముట్టుకోకూడదు. అది ఖాయం."

బస్సులో తిరిగి వస్తుంటే సంచి నా ఒళ్లో ఉంది. నా వల్లే అయిందా, కాదా? సగం నా వల్లా? డాక్టరే విడదీయలేనిది నేనేం విడదీస్తాను? పక్కన వీర్రాజు కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాడు.

వీర్రాజు కొనిపించిన హ్యామర్

ప్రసాదరావుగారు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "డాక్టరమ్మే ఖాయంగా చెప్పలేదంటున్నావు. మరి మిషనుది తప్పని ఎలా అంటావు?" అన్నారు. ఆ వారమంతా వాచీ చూసుకుని గమనించాను. మేస్త్రీనైన నేను రోజులో పది నిమిషాలు కూడా మీట నొక్కడం లేదు. వీర్రాజు చోట పని చేస్తున్న మనిషి, మధ్యలో ఆగిన సమయమంతా తీసేసినా గంటలకొద్దీ నొక్కుతున్నాడు. నా చేతులు బాగున్నాయంటే నేను పట్టుకోకపోవడం వల్ల. అంత చిన్న విషయం అంతకాలం నాకు తట్టలేదు.

ఆ మాట ప్రసాదరావుగారికి చెప్పి, "ఒక్క లారీ నేలలో ఒక వరస మీరు కోసి చూడండి" అన్నాను. పౌరుషానికి చొక్కా చేతులు మడిచి కోశారు. అరగంట పట్టింది. తర్వాత టీ తాగబోతే గ్లాసులో టీ తొణికి ఆయన పంచె మీద పడింది. గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "ఏం కావాలో కొనుక్కురా. ఆ వీర్రాజుని కూడా తీసుకెళ్లు" అన్నారు.

కోటేశ్వరరావుగారి షాపు వెనక పాత ఇనుము పడేసే దొడ్డిలో కంప్రెసర్ పెట్టి, నాలుగు రకాల హ్యామర్లు వరసగా ఉంచారు. వీర్రాజు వాటిని ముట్టుకోకూడదు. నన్ను ఇనప ప్లేటు మీద పెట్టి నొక్కమని, తను నా మణికట్టు మీద అరచెయ్యి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఇది వద్దండి." 

రెండోది. "ఇది కూడా వద్దండి. మోచేతి దాకా వస్తోంది."

మూడోది పిడికి లోపల స్ప్రింగూ పైన మెత్తటి రబ్బరూ ఉన్నది. దెబ్బ కొంచెం మెత్తన. నాకైతే బలం చాలదనిపించింది. అతను చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"ఇది తీసుకోండి."

"రివిట్లకి ఆలస్యమవుతుంది వీర్రాజూ."

"అవుతుందండీ" అన్నాడు. అంతే.

అదే కొన్నాం. ధర ఎక్కువే. రివిట్ల పని నిజంగానే ఆలస్యమైంది. ఒకే మనిషి పట్టుకోకుండా ముగ్గురు పంచుకునేటట్టు, మధ్య మధ్య దించేటట్టు చేశాను. పట్టు వదులుగా ఉంచమనీ, ఉలిని పని చెయ్యనివ్వమనీ కొత్తగా నేర్పాను. గట్టిగా పట్టుకోమని నేర్పిన నోటితోనే నేర్పాను. కొందరు నవ్వారు. ఆ తర్వాత ఏళ్లలో ఆ ముగ్గురిలో ఎవరికీ వేళ్లు తెల్లబడలేదు. తెల్లబడినా నాకు చెప్పలేదేమో, అది కూడా నేను ఖాయంగా అనలేను.

కొనేటప్పుడు ఏది మంచిదని అడిగితే ఇప్పుడు నేను చెప్పగలిగింది ఇంతే. షాపులో బలం చూసి ఎంచుకోవద్దు. రోజంతా దాన్ని పట్టుకోబోయే మనిషిని వెంట తీసుకెళ్లండి. అతని చేతికి ఏది తక్కువ అదురుతుందో అడగండి. మేస్త్రీ ఎంచుకుంటే మేస్త్రీకి బావుంటుంది, అంతే.

భీమడోలు స్టేషన్ బయట

వీర్రాజు మరో రెండేళ్లు మా దగ్గరే కొలతలు గీసే పని చేశాడు. వేళ్లు కొంత నయమైనా పూర్తిగా బాగుపడలేదు. గీత గీసే పెన్సిలు కూడా చలి పొద్దుల్లో నిలిచేది కాదు. తనే మానేశాడు. అతని భార్యకి భీమడోలు స్టేషన్ బయట ఇడ్లీ కొట్టు ఉంది. అందులో సాయంగా ఉంటున్నాడు.

నేను కూడా పని మానేశాక, పోయిన చలికాలంలో ఒక ఉదయం అక్కడికి వెళ్లాను. ఒక మాట అడగాలని చాలా ఏళ్లుగా మనసులో ఉంది. బల్ల తుడిచి కూర్చోబెట్టాడు. చొక్కా గుండీలు ఇప్పటికీ భార్యే పెడుతుందట. "వేడి పళ్లేలు పట్టుకుంటే వేళ్లకి హాయిగా ఉంటుందండీ. ఈ పని నయమే" అన్నాడు.

జనం పలచబడ్డాక అడిగాను. "గట్టిగా పట్టుకోమని నేర్పింది నేను. నీ చేతులు నా వల్లే పాడయ్యాయా వీర్రాజూ?"

అతను ఆశ్చర్యపోయినట్టు చూశాడు. "అప్పట్లో అలా పట్టుకోకూడదని మీకు తెలుసాండీ?"

"తెలియదు."

"మరి ఇంకేముందండీ. నాకూ తెలియదు." బల్ల మీద నీళ్లు తుడిచాడు. "కానీ మొదటిసారి నేను వచ్చి చెప్పినప్పుడు మీరు నవ్వారండీ. అది మాత్రం గుర్తుండిపోయింది."

నాకు అర్థం కాలేదు. ఐసు రోజు దాకా అతను నాకేమీ చెప్పలేదనే నేను ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. పైన కూడా అలా అనుకునే రాశాను. "ఎప్పుడు చెప్పావు?" అన్నాను.

"ఐసు సంగతికి ఏడాది ముందండీ. వేళ్లు జుమ్మంటున్నాయి మేస్త్రీగారూ, నాలుగు రోజులు వేరే పని ఇవ్వండి అన్నాను. మీరు నవ్వి, తల ఊపి వెళ్లిపోయారు. సరేనన్నారనుకున్నాను. మర్నాడు మళ్లీ అదే పని ఇచ్చారు. ఇంక అడగలేదు."

ఎంత ఆలోచించినా నాకు ఆ రోజు గుర్తు రాలేదు. వీర్రాజు అబద్ధం చెప్పే మనిషి కాదు. నేనెందుకు నవ్వుతాను? నా మొహం చూసి అతనే మళ్లీ అన్నాడు. "కంప్రెసర్ ఆడుతోందండీ అప్పుడు. అవతల ఇద్దరు రేకు కొడుతున్నారు. మీకు వినపడిందో లేదో కూడా నాకు తెలీదండీ."

నాకూ తెలియదు. ఆ చప్పుడులో ముప్ఫై నాలుగేళ్లు ఉన్నాను. నా చెవులు ఎప్పుడో మందగించాయి. అవతలివాళ్లు చెప్పింది అందకపోతే, అందనట్టు కనబడకుండా నవ్వి తల ఊపడం నాకు అలవాటు. ఇంట్లోనూ అంతే, మా ఆవిడ ఎన్నిసార్లో విసుక్కుంది. ఆ రోజు వినపడక నవ్వానో, వినపడినా తేలిగ్గా తీసుకుని నవ్వానో ఇక ఎప్పటికీ తేలదు. షెడ్డులో ఇంకెంతమందికి అలా తల ఊపానో, వాళ్లు ఏం అడిగారో అది కూడా తేలదు.

వీర్రాజు లోపలికి వెళ్లి ఇంకో రెండు ఇడ్లీలు తెచ్చి నా పళ్లెంలో వేశాడు. అప్పుడే స్టేషన్లోంచి గూడ్సు బండి వెళుతోంది. పెట్టెల చప్పుడులో అతను నా వైపు వంగి ఏదో అన్నాడు. నా మొహం మీదికి నవ్వు దానంతటదే వచ్చేస్తోంది. ఆపుకున్నాను. బండి మొత్తం దాటేదాకా ఆగి, "ఏమన్నావు వీర్రాజూ?" అని అడిగాను.

"చట్నీ ఇంకొంచెం వెయ్యమంటారా అన్నానండీ" అన్నాడు.